జున్నుకి నిద్ర పట్టిన మధ్యాహ్నం

చెవి కదిలింది. కుడి చెవి. మాణిక్యమ్మ ఊపిరి బిగబట్టింది. ఆ చెవి కాస్త లేచి, వీధిలోంచి వస్తున్న దేన్నో అందుకోబోయి, అందుకోకుండానే మళ్లీ మెత్తగా చెంప మీద వాలిపోయింది. ఆవిడ ఊపిరి వదిలింది. పటమటలో కూతురి ఫ్లాటు, మూడో అంతస్తు, వెనక గది. ఆ గది గుమ్మానికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుని అరవయ్యారేళ్ల మాణిక్యమ్మ అరగంట నుంచి ఒక కుక్క నిద్రకి కాపలా కాస్తోంది. లోపల పాత బొంత మీద జున్ను పక్కకి తిరిగి పడుకున్నాడు. లాబ్రడార్ జాతి, పద్నాలుగు నెలల వాడు, ఒంటి రంగు బెల్లం వేసి వండిన జున్ను రంగే. కూతురు బ్లెస్సీ కుక్కని పట్టుకుని "వాడు, వీడు" అంటుంటే మొదట్లో మాణిక్యమ్మకి నవ్వొచ్చేది. ఇప్పుడు ఆవిడకీ అలాగే వస్తోంది నోటికి. వాడు నిద్రపోతున్నాడు. గోడ మీద గడియారం మూడూ పది చూపిస్తోంది. నాలుగు దాకా ఎవరూ తలుపు కొట్టకూడదు, గిన్నె కింద పడకూడదు, దేవుడు చల్లగా చూడాలి.

నాలుగింటికి అచ్యుతరామారావుగారు వస్తారు. అపార్టుమెంటు సెక్రటరీ, రిటైరైన లెక్చరరు, ఎప్పుడు చూసినా ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచె. చెడ్డవాడేం కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకోడానికైనా ఉండేది. పదిహేను రోజుల కిందట లిఫ్టు పక్కన గోనెపట్టా మీద కునుకు తీస్తున్న జున్నుని వెనక నుంచి వచ్చి "ఏరా దొంగా" అని నెత్తి మీద తట్టారు, ముద్దుకే తట్టారు. వాడు కళ్లు తెరవకముందే నోరు తెరిచాడు. ఆయన మణికట్టు మీద రెండు గాట్లు, నెత్తురు, ఆస్పత్రికి ఇంజక్షన్ల కోసం తిరగడం. సాయంత్రం మీటింగు. పిల్లలు తిరిగే చోట ఇలాంటి కుక్కేంటని ఒకళ్లు, ముందే చెప్పామని ఇంకొకళ్లు. ఆయన మాత్రం చెయ్యి కట్టుతోనే నెమ్మదిగా అన్నారట, "రెండు వారాలు చూద్దామమ్మా. నేనే వస్తాను. నన్ను చూసి మళ్లీ గుర్రుమంటే మటుకు పంపించెయ్యాలి" అని. బ్లెస్సీ ఏడుస్తూ ఒప్పుకుంది. పంపించడం ఎక్కడికో కూడా తేలిపోయింది, కైకలూరు దగ్గర చేపల చెరువుల ఆసామికి. గుర్రుమంటే అప్పటికప్పుడే ఎక్కించుకుపోడానికి ఆయన ఇవాళ నాలుగున్నరకి వ్యాను తెస్తాడు. చెరువు గట్టు మీద గొలుసు, పగలంతా ఎండ, చీకటి పడితే తెల్లారేదాకా దొంగల మీద అరుపులు. నిద్రలేక కరిచిన కుక్కకి రాత్రి కాపలా ఉద్యోగం!

నిద్రలేక కరిచిందని చెప్తే ముందెవరు నమ్మారు గనక. కరిచిన మర్నాడు ఇబ్రహీంపట్నం నుంచి భర్తతో బస్సెక్కి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఆవిడ వాడి కళ్లు చూసింది. ఎర్రగా, చుట్టూ ఉబ్బి, చూస్తూనే ఏమీ చూడని కళ్లు. వాడు సోఫా మూల పీకుతున్నాడు, తోక పట్టుకోవాలని గిరగిర తిరుగుతున్నాడు, గాలికి అరుస్తున్నాడు. ట్రైనరొకడు వచ్చి వీడికి ఎనర్జీ ఎక్కువైపోయింది, బాగా పరిగెత్తించండి అన్నాడట. పొద్దున గంట, సాయంత్రం గంట బందరు కాలవ గట్టు వెంట పరిగెత్తించారు. పరిగెత్తించిన కొద్దీ ఇంకా రెచ్చిపోయాడు. ఆ కళ్లు. ఈ కళ్లు నేనెక్కడ చూశాను, ఎక్కడ చూశాను అనుకుంటూ మంచినీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయిందో. తర్వాత గుర్తొచ్చింది. వంటింట్లో, స్టీలు పళ్లెం చప్పుడులో, ముప్ఫై ఏళ్ల కిందట.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ కాలనీలో వాళ్ల క్వార్టరు. ఏ పూటకా పూట తుడిచినా కిటికీ చువ్వల మీద సన్నటి బూడిద. భర్త లాజరు అప్పట్లో కంట్రోల్ రూములో ఆపరేటరు. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి, ఒంటికి ఏ వారమూ అలవాటయ్యేలోపే ఇంకో వారం వచ్చేసేది. రాత్రి షిఫ్టు వారంలో మూడో రోజు పొద్దున వచ్చి పడుకున్నాడు. ఐదేళ్ల బ్లెస్సీ చేతిలోంచి పళ్లెం జారింది. అది గచ్చు మీద గిరగిరా తిరిగి తిరిగి ఆగేలోపు ఆయన లేచొచ్చి పిల్లని కొట్టాడు. ఎప్పుడూ ఏమీ అనని మనిషి. కొట్టిన చెయ్యి తనదేనా అన్నట్టు చూసుకున్నాడు, తర్వాత గోడ వైపు తిరిగి ఏడ్చాడు. అత్తగారు శౌరమ్మ "వీడికేదో పట్టింది, ఫాదరుగారితో ప్రార్థన చేయించు" అంది. చేయించింది, వద్దనలేదు. కానీ ఆ రాత్రి ఆయన డ్యూటీకి వెళ్లాక కూర్చుని, ఆ మూడు రోజుల్లో మనిషికి ఎన్ని గంటలు కన్ను మూతపడిందో వేళ్ల మీద లెక్కపెట్టింది. ఒక చేతి వేళ్లు దాటలేదు రోజుకి. ఈ మనిషికి ఉన్నది కోపం కాదు, లేనిది నిద్ర అని ఆ పూట ఒక్కతే తెలుసుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారు. మగాడన్నాక, ఉద్యోగమన్నాక.

అక్కణ్ణుంచి మొదలు. కిటికీకి నల్ల దుప్పటి, దాని మీద తడిపిన గోనెపట్టా. తలుపు గొళ్లేనికి పాత చీర పేలిక. బ్లెస్సీకి ఆటలన్నీ పక్క క్వార్టరులోనే. చేపలమ్మే ఆదెమ్మ వీధి మొదట్లోనే గొంతెత్తేది, ఆ గొంతు కృష్ణ ఒడ్డున ఫెర్రీ దాకా వినపడేది. ఆవిడకి ఎదురెళ్లి బతిమాలింది. "మీ ఆయన నిద్ర కోసం నా బేరం మానుకోనా అమ్మాయా" అంది ఆదెమ్మ. మర్నాటి నుంచి మాత్రం ఆ ఇంటి ముందు అరవడం మానేసి గోడ మీద రెండు దెబ్బలు వేళ్లతో కొట్టేది. అదీ చాలు. ఒకసారి డ్యూటీ మీద ఇంకో డ్యూటీ వెయ్యడానికి ఆఫీసు జీపు వస్తే, లోపల ఆయన గుర్రు వినపడుతూ ఉండగానే, "ఇంట్లో లేరండీ, బెజవాడ వెళ్లారు" అని గుమ్మానికి అడ్డంగా నిలబడి అబద్ధం ఆడింది. పాపమే. చర్చిలో ఫాదరుగారి దగ్గర పాపాల ఒప్పుకోలు చెప్పేటప్పుడు కూడా అది మాత్రం చెప్పలేదు. గుణదలలో పుట్టిన పిల్ల ఆవిడ. మేరీమాత తిరునాళ్ల మైకులు చెవి పక్కన మోగుతున్నా తల్లి ఒళ్లో ఆదమరిచి నిద్రపోయిన పిల్ల. తనకి ఏ చప్పుడూ అడ్డం కాదు. అయినా ఇంకొకరి కోసం చప్పుళ్లన్నీ పేరుపేరునా నేర్చుకుంది. ఏ చప్పుడు నిద్రని గీరుతుంది, ఏది చీలుస్తుంది, ఏది జోకొడుతుంది. ఆయన రిటైరయ్యేదాకా, పద్దెనిమిదేళ్లు. లాజరు మళ్లీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు.

జున్ను కాళ్లు కదులుతున్నాయి. ముందు కాళ్లు, వెనక కాళ్లు, పడుకున్న చోటే పరుగు. మూసిన రెప్పల కింద గుడ్లు అటూ ఇటూ. గొంతులో నుంచి "ఉఫ్, ఉఫ్" అని చిన్న అరుపులు, పక్క ఊళ్లోంచి వినపడుతున్నట్టు. అదిగో, కల. ఇది అసలు నిద్ర. మొదట్లో తల ఎత్తుకునే పడుకునేవాడు, ఒక చెవి నిలబెట్టుకుని, ఎప్పుడు ఎవరు తడతారో అని. బ్లెస్సీ అనేది, "కుక్కకి నిద్ర చాలకపోవడమేంటమ్మా, రాత్రంతా నా కాళ్ల దగ్గర పడుకునే ఉంటాడుగా" అని. "పడుకోవడం వేరు, నిద్రపోవడం వేరే పిల్లా. నీ ల్యాప్‌టాప్ వెలుగు, నీ ఫోను మాటలు, నువ్వు కుర్చీలో కదిలినప్పుడల్లా వాడు తలెత్తి చూడటం. దాన్ని నిద్రంటారా?" బ్లెస్సీది రాత్రి పూట కంపెనీ పని, ఇంట్లోనే. పగలేమో పార్శిళ్లవాళ్ల బెల్లు, పక్క బిల్డింగులో రాయి కోసే మిషను, బడి వదిలాక "జున్నూ" అంటూ పిల్లలు. వాడికి సొంత గంట ఒక్కటి లేదు. చర్చి క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసింది మాణిక్యమ్మ, నిజంగా కన్ను మూతపడ్డ గంటలు. మొదటి రోజు ఆరున్నర. ఆ క్యాలెండరు తీసుకునే పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ చెవులు చూసింది, కడుపు నొక్కింది, నెత్తురు పరీక్ష చేయించింది. ఎక్కడా జబ్బు లేదు. క్యాలెండరు చూసి మాత్రం కళ్లజోడు తీసింది. "ఈ వయసు కుక్కకి రోజుకి పద్నాలుగు గంటలన్నా పడాలండీ. చిన్న కూనలైతే పద్దెనిమిది దాకా పోతాయి. పెద్దజాతివైతే కొంచెం ఎక్కువే. నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తే ఎంత మంచి కుక్కైనా ముందు పళ్లే వాడుతుంది. మీరిది ఎక్కడ చదివారమ్మా?" "చదవలేదండీ," అంది మాణిక్యమ్మ, "కాపురం చేశాను."

పరుగు తగ్గించింది. పొద్దున చల్లటి వేళ అరగంట, వాసనలు చూసుకుంటూ వాడి ఇష్టానికి నడవడం, అంతే. బొంత వెనక గదిలోకి వచ్చింది, బ్లెస్సీ టేబులు ముందు గదిలోనే ఉండిపోయింది. మొదటి రెండు రాత్రులూ వాడు తలుపు గీకాడు, మాణిక్యమ్మ వెళ్లి గదిలో చాప వేసుకుంది, మూడో రాత్రి గీకలేదు. కాలింగ్ బెల్ వైరు పీకించింది. గొళ్లేనికి చీర పేలిక చుడుతుంటే లాజరు చూశాడు. డెబ్భై ఏళ్ల మనిషి, చేతిలో పేపరు. ఆ పేలిక వైపు, ఆవిడ వేళ్ల వైపు చాలాసేపు చూశాడు. "మాణిక్యం, మన క్వార్టరులో తలుపుకి కూడా ఇలాగే గుడ్డ ఉండేది కదూ? చలికి కట్టావనుకునేవాణ్ణి." ఆవిడ పేలిక ముడి బిగించింది. "క్యాంటీనులో అందరితో గొప్పలు పోయేవాణ్ణే, నాది మొద్దునిద్ర, పక్కన బాంబు పడినా లేవనని." ఆయన పేపరు మడిచాడు, తెరిచాడు, మళ్లీ మడిచాడు. ఆ మధ్యాహ్నం నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. వచ్చే పార్శిలు, వచ్చే సిలిండరు, అన్నీ కిందనే ఆపుతున్నాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకి. ముప్ఫై ఏళ్ల తర్వాత ఒకరు చూశారు. చూస్తే ఇంత బావుంటుందని ఆవిడకి తెలియనే తెలియదు, ఛాతీలో ఏదో దీపం వత్తి పెంచినట్టు. క్యాలెండరు వెనక అంకెలు తొమ్మిదయ్యాయి, పదకొండయ్యాయి, నిన్న పదమూడున్నర. సోఫా వైపు వాడు చూడటమే లేదు. కానీ అచ్యుతరామారావుగారి వైపు?

ఫ్యాను ఆగిపోయింది.

కరెంటు పోయింది. ఇంతసేపూ ఫ్యాను చప్పుడు కింద దాక్కున్న చప్పుళ్లన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఎక్కడో కుక్కరు ఈల, కింద స్కూటరు, కూరగాయల బండి మైకులో అదే మాట మళ్లీ మళ్లీ. జున్ను తలెత్తాడు. కళ్లు తెరుచుకున్నాయి, కానీ ఆ కళ్లలో వాడు లేడు. కదలకు మాణిక్యం. పలకరించకు. ఇప్పుడు పేరు పెట్టి పిలిస్తే అంతా పోతుంది. ఆవిడ నోరు తెరవకుండానే, గొంతులో, మాటల్లేని రాగం ఒకటి మొదలుపెట్టింది, ఏ పాటో ఆవిడకే తెలియదు, వాళ్లమ్మ సంపూర్ణమ్మ కూనిరాగం. క్యాలెండరు అట్ట తీసి నెమ్మదిగా విసరడం మొదలుపెట్టింది. గాలి వాడి మీసాల్ని కదిపింది. తల కొంచెం వాలింది, ఆగింది, ఇంకొంచెం వాలింది. గడ్డం బొంతని తాకింది. పెద్ద నిట్టూర్పు ఒకటి, ఒళ్లంతా ఖాళీ అయినట్టు. చెయ్యి నొప్పి పుడుతోంది. పుట్టనీ. మూడూ నలభై ఎనిమిది.

ఒళ్లో ఫోను వెలిగింది. చప్పుడు లేదు, వెలుగే. లాజరు. అంటే సెక్రటరీగారు బయల్దేరారు, ముందే, ఆపినా ఆగలేదు. లిఫ్టు లేదు గనక మెట్ల మీదే. మూడంతస్తులు. మాణిక్యమ్మ అట్ట కింద పెట్టి, గోడ పట్టుకుని, మోకాళ్లు చప్పుడు చెయ్యకుండా ఎలా లేచిందో లేచింది. ముందు గదిలో బ్లెస్సీ నిద్రపోతోంది, పగటి నిద్ర, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పటిలాగే. దాన్ని దాటుకుని, వీధి తలుపు తెరిచి, తలుపు కొట్టడానికి ఎత్తిన ఆయన చేతిని గాలిలోనే ఆపింది. అచ్యుతరామారావుగారు చెమటతో తడిసి, రొప్పుతూ నిలబడి ఉన్నారు.

"నాలుగవలేదండీ ఇంకా," అంది గుసగుసగా.

"పది నిమిషాలే కదమ్మా. కరెంటు లేదు, ఇంట్లో ఉక్క. చూసేసి పోదామని వచ్చాను."

"నిద్రపోతున్నాడు."

"లేపండి మరి. లేపితేనేగా తెలిసేది."

ఇలాంటి మనిషికి, తెల్ల పంచెకి, చదువుకున్న గొంతుకి, జన్మలో ఎదురు చెప్పి ఎరగదు ఆవిడ. అబద్ధమైతే ఆడగలదు. ఇంట్లో లేడండీ, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారండీ. నాలుక చివరి దాకా వచ్చింది. లోపలికి మింగేసింది. ఇవాళ అబద్ధం దేనికి? నిజం చెప్పడానికి సిగ్గెందుకు?

"లేపనండీ," అంది. గుసగుసే, కానీ ఆ గుసగుస గట్టిగా నిలబడింది. "మిమ్మల్ని కరిచిన రోజు కూడా వాడు నిద్రలోనే ఉన్నాడు. ఇవాళా నిద్ర చెడగొట్టి చూస్తే మీకు మళ్లీ అదే కనపడుతుంది. వాడంతట వాడు లేచాక చూడండి. అప్పుడు గుర్రుమన్నాడా, గొలుసు పట్టుకుని నేనే వ్యాను ఎక్కిస్తాను. మీరు చెప్పక్కర్లేదు."

ఆయన ఆవిడ వైపు చూశారు. లోపలికి చూశారు. తర్వాత చెప్పులు విడిచి, నిజంగానే మునివేళ్ల మీద నడుస్తూ వచ్చి, వెనక గదికి ఎదురుగా వేసిన స్టూలు మీద కూర్చున్నారు. ఆయన మణికట్టు మీద గాట్లు మానాయి, గులాబీ రంగు మచ్చలు రెండు మిగిలాయి. మాణిక్యమ్మ గుమ్మంలో మళ్లీ తన చోట కూర్చుని అట్ట అందుకుంది. నాలుగైంది. నాలుగూ ఐదైంది. కుక్కని చూస్తున్న మనిషి ముఖంలో ఏదో వదులవుతోంది. "ఇంతసేపు పోతాయా కుక్కలు?" అన్నారు పెదాలతోనే. "పోనిస్తే," అంది ఆవిడ. "నాకు తెల్లారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుందమ్మా. ఏడెనిమిదేళ్లుగా. పొద్దున్నే నన్ను పలకరించొద్దని మా ఆవిడ హైమవతి మనవలకి చెప్తుంది." ఆ మాట అనేసి ఆయన తన పాదాల వైపు చూసుకున్నారు. ఆవిడ నవ్వలేదు. అట్ట గాలి కొంచెం ఆయన వైపు కూడా వెళ్లేలా చెయ్యి తిప్పింది.

కరెంటు వచ్చింది. పక్కింటి టీవీ గొంతు చించుకుంది, మిక్సీ ఒకటి గర్జించింది. మాణిక్యమ్మ కళ్లు మూసుకుంది. తెరిచి చూస్తే జున్ను అలాగే ఉన్నాడు. ఒక్క చెవీ కదల్లేదు! పదిహేను రోజుల కిందట ఆకు రాలినా ఎగిరి పడ్డవాడు, ఈ గోలలో, పొట్ట లేస్తూ దిగుతూ, నాలుక చివర పళ్ల మధ్య బయటపెట్టుకుని. ఆవిడకి అప్పుడే తెలిసిపోయింది. ఇక భయం లేదు. లోపల ఎక్కడో బ్యాండుమేళం బయల్దేరింది, తిరునాళ్లలో కొండ దిగి వచ్చే మేళంలా, బాకాలతో సహా, బయటికి మాత్రం వినపడకుండా.

నాలుగూ పంతొమ్మిదికి వాడు కళ్లు తెరిచాడు. ఈసారి ఆ కళ్లలో వాడున్నాడు. తెల్లటి, తేటైన కళ్లు. నోరు చెంపల దాకా తెరిచి ఆవలించాడు, ముందు కాళ్లు చాపి నడుము వంచాడు, లేచి చెవులు టపటపలాడేలా ఒళ్లు దులుపుకున్నాడు. గుమ్మం దగ్గరికి వచ్చి మాణిక్యమ్మ మోచెయ్యి ఒకసారి వాసన చూసి, ఆవిడ కాళ్లు దాటి, అచ్యుతరామారావుగారి ముందు ఆగాడు. ఆయన చేతులు మోకాళ్ల మీద బిగుసుకున్నాయి. వాడు ఆ పంచె చూశాడు, ఆ మణికట్టు చూశాడు, దాహం గుర్తొచ్చి పక్క నుంచి వెళ్లి గిన్నెలో నీళ్లు తాగాడు. చాలాసేపు తాగాడు. ఇల్లంతా ఆ లపలపే. తిరిగొచ్చి, కారుతున్న మూతి తీసుకెళ్లి, నలగని ఆ ఇస్త్రీ పంచె మీద, ఆయన ఒళ్లో పెట్టేశాడు.

పంచె తడిసింది. ఆయన కదల్లేదు. ఒక వేలు, రెండు వేళ్లు, తర్వాత ఆ మచ్చల చెయ్యే మెల్లగా చెవి వెనకకి వెళ్లింది. "ఏరా," అన్నారు. "ఏరా దొంగా." తోక నేల మీద రెండుసార్లు కొట్టుకుంది. "రేపు మీటింగులో నేను చెప్తానమ్మా. ఎక్కడికీ పంపక్కర్లేదు."

కింద హారన్ మోగింది. ఒకసారి, మళ్లీ. చేపల చెరువుల వ్యాను. మాణిక్యమ్మ లేచింది, ఈసారి మోకాళ్లు టపటపమన్నా పట్టించుకోలేదు. బాల్కనీ తలుపు బార్లా తెరిచి, ఊచల మీంచి ముందుకి వంగింది. వ్యాను వెనక ఇనప బోను, పక్కన లాజరు, ఇంకా ఏమీ తెలియక పైకి చూస్తున్న ముఖం. పదిహేను రోజులుగా గుసగుసలు తప్ప ఆడని గొంతు, ఆ మాటకొస్తే ఏళ్ల తరబడి ఇంట్లో అణిచిపెట్టుకున్న గొంతు, ఇంత ఉందని తనకే తెలియని గొంతు, వీధి చివర దాకా వెళ్లింది.

"తీసుకెళ్లిపో బాబూ నీ వ్యాను! ఇవ్వం! మా కుక్కని ఎవరికీ ఇవ్వం!"

ముందు గదిలో బ్లెస్సీ ఉలిక్కిపడి లేచి, జుట్టు చెదిరి, ఏమైందమ్మా ఏమైందమ్మా అంటూ పరిగెత్తుకొచ్చింది. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. కింద లాజరు రెండు చేతులూ పైకెత్తాడు, పట్టపగలు, నడి వీధిలో, డెబ్భై ఏళ్ల మనిషి. జున్ను వచ్చి ఊచల మధ్య మూతి పెట్టి భౌ అని ఒక్కటంటే ఒక్క అరుపు అరిచాడు. బ్లెస్సీ భయపడి సెక్రటరీగారి వైపు తిరిగింది.

"అరవనీ అమ్మా," అన్నారు అచ్యుతరామారావుగారు, తడిసిన పంచె దులుపుకుంటూ. "అరవనీ."